బకెట్టుతో మొదలుపెట్టండి: అబ్బాయిని హాస్టల్ బడికి సిద్ధం చేయడం ఎలా

జూన్ నెలలో బడులు తెరిచే వారం విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఓ గంట నిలబడి చూడండి. ఇనుప ట్రంకు పెట్టె, ప్లాస్టిక్ బకెట్టు, తాడుతో బిగించిన పరుపు చుట్ట, వాటి పక్కన కొత్త చెప్పులు వేసుకున్న పదేళ్ల అబ్బాయి. తల్లి కళ్లు అప్పటికే ఎర్రబడి ఉంటాయి. తండ్రి ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలో కండక్టరుతో తెగ మాట్లాడుతుంటాడు. ఆ మాటలు పెట్టె కోసం కాదు, తన కళ్లను ఎవరూ చూడకుండా ఉండటానికి. నా చిన్నప్పుడు మా నాన్న పక్కన నేను అలాగే నిలబడ్డాను. ఆరేళ్ల కిందట మా అబ్బాయి పక్కన మళ్లీ నిలబడ్డాను. మా నాన్న చేసిన పొరపాట్లే ఇంచుమించుగా నేనూ చేశాను. మూడో తరం చేయకుండా ఉండేందుకు ఇది రాస్తున్నాను.

ముందు, ఏ బడో తేల్చుకోండి

"హాస్టల్‌లో వేశాం" అని మన జిల్లాల్లో ఒకే మాట అంటాం గానీ, ఆ మాట వెనుక ఉన్న బడులు వేరు వేరు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 జనవరిలో మొదలైంది. విజయనగరం రాజులు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో నడుస్తోంది. పిల్లల్ని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి తయారుచేయడం దాని అసలు ఉద్దేశం. ఆరు, తొమ్మిది తరగతుల్లో చేరాలి. ఆరుకి వయసు 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఉండాలి. ప్రవేశ పరీక్ష 300 మార్కులకు ఉంటే అందులో సగం, అంటే 150, లెక్కలకే. తెలుగులోనూ రాయవచ్చు. తొమ్మిదో తరగతి పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే. ఇంకోమాట: సైనిక్ స్కూలు అంటే మగపిల్లల బడి అనే పాత లెక్క ఇప్పుడు లేదు. 2021-22 నుంచి ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారు.

కేంద్ర ప్రభుత్వం నడిపే నవోదయలు శ్రీకాకుళం వైపు వెన్నెలవలసలో, విజయనగరం వైపు కిల్తంపాలెంలో ఉన్నాయి. అక్కడ ఆరో తరగతి పరీక్ష 100 మార్కులకు, 80 ప్రశ్నలు, రెండు గంటలు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లల్ని ఏడాదిపాటు హిందీ ప్రాంతపు నవోదయకు పంపుతారని చేర్చేముందే తెలుసుకోండి. ఆ ఉత్తర్వు చేతికొచ్చాక బెంబేలెత్తిన తల్లులను చూశాను. ఇక రాష్ట్ర ప్రభుత్వ గురుకులాలు: సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, బీసీ గురుకులాలు. వీటిలో చాలావాటికి అయిదో తరగతి నుంచే ప్రవేశం, మగపిల్లలకూ ఆడపిల్లలకూ చాలాచోట్ల విడివిడిగా. 1971లో తెలంగాణలోని సర్వేలులో మొదలైన గురుకులం ఆలోచన ఇన్ని కొమ్మలు వేసింది.

ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే ప్రైవేటు హాస్టళ్ల గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. అక్కడ పిల్లవాడు చదువుతాడు, తింటాడు, పడుకుంటాడు. ఆటస్థలం ఉండదు, చీపురు పట్టే వంతు ఉండదు. దాన్ని బడి అనవచ్చేమో గానీ, నేను చెప్పే హాస్టల్ జీవితం అది కాదు.

అడగడం ఎలా

"హాస్టల్‌కి వెళ్తావా?" అని అడక్కండి. పదేళ్ల పిల్లవాడు మీ ముఖం చూసి జవాబు చెబుతాడు. మీకు కావలసిందే చెబుతాడు. దానికి బదులు, ఒక ఆదివారం ఆ ఊరికి తీసుకెళ్లండి. లోపలికి వెళ్లనివ్వకపోయినా ఫరవాలేదు. సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటల మధ్య గేటు దగ్గర నిలబడితే ఆటస్థలం కనిపిస్తుంది. పిల్లలు ఎలా అరుచుకుంటున్నారో, ఎలా ఆడుతున్నారో చూడనివ్వండి. తిరుగు ప్రయాణంలో మీరేమీ మాట్లాడకండి. వాడు అడిగే మొదటి ప్రశ్నలోనే జవాబు ఉంటుంది. మావాడు "అక్కడ రాత్రి లైట్లు ఎవరు తీసేస్తారు?" అని అడిగాడు. అంటే అప్పటికే మనసులో ఓ మంచం ఎక్కి పడుకుని చూశాడన్నమాట. "మళ్లీ ఎప్పుడొస్తారు?" అని అడిగితే ఇంకో ఏడాది ఆగడం మంచిది.

అల్లరి ఎక్కువైందని, మాట వినడం లేదని శిక్షగా పంపే ఆలోచన ఉంటే మానుకోండి. "చూడు, హాస్టల్‌లో పడేస్తా" అని రెండేళ్లు బెదిరించి మూడో ఏడు నిజంగా చేర్చిన ఇంటి పిల్లలు మొదటి నెలలోనే గోడ దూకుతారు. వాళ్ల దృష్టిలో అది బడి కాదు కదా.

రెండు నెలల ఇంటి పని

ఫలితాలు వచ్చిన రోజే మిఠాయితో పాటు ఒక బకెట్టు, ఒక మగ్గు కొనండి. ఎర్రదో పచ్చదో, రంగు వాడే ఎంచుకోవాలి. ఆ రోజు నుంచి బడి తెరిచేదాకా ఆ బకెట్టు వాడిదే. స్నానం ఆ ఒక్క బకెట్టు నీళ్లతోనే ముగించాలి. మోటారు వేసుకుని షవర్ కింద నిలబడే అలవాటున్న పిల్లవాడికి ఇది మొదట్లో యుద్ధమే. సగం ఒళ్లు సబ్బుతో ఉండగానే నీళ్లు అయిపోతాయి. అవనివ్వండి. రెండో బకెట్టు ఇవ్వకండి. నాలుగో రోజుకు వాడే లెక్క వేసుకుంటాడు: ఒళ్లు తడపడానికి రెండు మగ్గులు, తలకు మూడు, మిగిలినవి కడుక్కోవడానికి.

ఆ బకెట్టు మీద ఇంత పట్టు ఎందుకంటే, హాస్టల్‌లో పిల్లవాడి పరువు అక్కడే తేలుతుంది. నేను చదివిన బడిలో మా వరండా చివర రెండు కుళాయిలు, నలభై రెండు మంది పిల్లలం. తెల్లవారుజామున నాలుగున్నరకే బకెట్లు వరుసగా నిలబడేవి. మనుషులు మళ్లీ వెళ్లి ముసుగు తన్నేవాళ్లు. వరుసలో ఉన్నది బకెట్టే, మనిషి కాదు. ముందున్నవాడిది నిండగానే వెనుకవాటిని ఒక్కో అడుగు ముందుకు జరపాలి. అక్కడ నిలబడ్డవాడు నిద్రపోతున్నవాడి బకెట్టును కూడా జరుపుతాడా, దాటేసి తనది ముందు పెట్టుకుంటాడా? చూసేవాళ్లు ఎవరూ ఉండరు. మాస్టారు ఉండరు, వార్డెన్ ఉండరు, చీకటి. ప్రేయర్ హాలు గోడ మీద "నిజాయితీ" అని నీలం రంగులో రాసి ఉండేది గానీ, నిజాయితీ గలవాడెవడో మాకు ఆ కుళాయి దగ్గరే తెలిసేది. పదో తరగతి అయ్యేదాకా ఎవడి మాట నమ్మాలో, ఎవడికి పెన్ను అరువివ్వకూడదో ఆ చీకట్లో జరిగిన బకెట్లను బట్టే తేల్చుకున్నాం.

తర్వాత బట్టలు. గురుకులాల్లో పిల్లవాడి బట్టలు వాడే ఉతుక్కోవాలి. చాకలి ఏర్పాటు ఉన్న బడుల్లో కూడా లోదుస్తులు, మేజోళ్లు ఎవరివి వాళ్లే. ఎలా నేర్పాలంటే, తెల్ల చొక్కాతో మొదలుపెట్టండి. సబ్బునీళ్లలో ఓ అరగంట నాననివ్వండి. తర్వాత కాలరు లోపలి అంచు, చేతుల చివర్లు, చంకలు, ఈ మూడు చోట్ల మాత్రమే సబ్బు బిళ్ల రుద్దాలి. కొత్తవాళ్లందరూ చేసే తప్పు చొక్కా అంతా రుద్దడం. బిళ్ల వారంలో అరిగిపోతుంది, కాలరు మురికి మాత్రం అలాగే ఉంటుంది. కాలరును రాతి మీద పరిచి, బ్రష్షును అటూ ఇటూ కాకుండా మెడ వైపు నుంచి అంచు వైపుకు ఒకే వాటంగా లాగాలి. మురికి నురగ బూడిద రంగులో దిగుతుంది. ఆ నురగ తెల్లబడేదాకా లాగితే చాలు. జాడించడం రెండు నీళ్లు. ఆ రెండో నీళ్లు పారబోయకుండా మేజోళ్లకు వాడుకోవాలి.

పిండడం వేరే విద్య. పదేళ్ల చేతులకు తడిసిన ప్యాంటు పిండే బలం ఉండదు, దుప్పటి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక చివర మీరు పట్టుకోండి, ఇంకో చివర వాడు. ఇద్దరూ ఎదురెదురు దిక్కులకు మెలిపెట్టండి. హాస్టల్‌లో ఆ రెండో చివర పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. నీ దుప్పటికి నేను, నా దుప్పటికి నువ్వు. నా జీవితకాల స్నేహితుడు నాకు అలా ఒక ఆదివారం దుప్పటి చివర దొరికినవాడే. ఆరేసేటప్పుడు చొక్కాను తిరగేసి ఆరేయాలని, ఆరే బట్టలను వదిలి ఆటకు పోతే సాయంత్రానికి తీగ మీద వేరేవాళ్ల చిరిగిన బనియను మాత్రమే మిగులుతుందని కూడా చెప్పండి.

సూదీ దారం. ఊడిన బొత్తాం కుట్టుకోవడం ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. "మగపిల్లవాడికి సూది ఏమిటి" అని మా అమ్మమ్మ నవ్వింది. నవ్వనివ్వండి. అమ్మలేనిచోట అమ్మ పనులన్నీ మగపిల్లలే చేసుకుంటారు. మగపిల్లల హాస్టల్ వల్ల జరిగే పెద్ద మేలు ఇదేనని నా ఉద్దేశం. చీపురు, ముగ్గుబుట్ట తప్ప అన్నీ చేతికొస్తాయి. నిజానికి చీపురు కూడా వస్తుంది, వంతులవారీగా గది ఊడవాలి కదా.

దోమతెర. దాన్ని కట్టుకోవడం ఒక్కటే కాదు, పరుపు కింద నాలుగువైపులా దోపుకుని లోపలికి దూరడం నేర్పాలి. వెలుతురు ఉండగానే కట్టుకోవాలి, లైట్లు తీసేశాక కట్టుకుంటే తెర లోపల దోమలతో పడుకున్నట్టే.

నిద్ర, తిండి. బడి తెరిచే మూడు వారాల ముందు నుంచి అయిదింటికి లేపండి. రాత్రి తొమ్మిదిన్నరకు లైటు తీసేయండి. వారానికి రెండు రోజులు ఇంట్లో అందరికీ ఉప్మానే వండండి. వేరే ఏమీ చేయకండి. "నాకు వంకాయ పడదు" అనే మాట హాస్టల్ మెస్సులో చెల్లదు. చెల్లుతుందని ఆశ పెట్టకండి. చోళ్ల (రాగుల) అంబలి తాగే అలవాటున్న పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు. ఏదైనా తింటారు.

పెట్టె సర్దడం

బడివాళ్లు ఇచ్చే జాబితా ఉంటుంది, దాన్నే నమ్ముకోండి. దానికి నా చేర్పులు కొన్ని. తాళానికి మూడు చెవులు ఉండేలా చూసుకోండి: ఒకటి మొలతాడుకో మెడలో దారానికో, ఒకటి హౌస్ మాస్టారి (వాడి జట్టు పిల్లల్ని చూసుకునే మాస్టారు) దగ్గర, ఒకటి మీ ఇంట్లో. మొదటి వారంలో నా చెవి పోయి, తాళం పగలగొట్టించడానికి వడ్రంగిని పిలిపించేదాకా మూడు రోజులు ఒకే చొక్కాతో తిరిగాను. ఆ మూడు రోజులకు నాకొచ్చిన పేరు ఏడేళ్లపాటు వదల్లేదు. అదేమిటో ఇక్కడ రాయను.

ప్రతి బట్ట మీదా పేరు కాదు, అంకె వేయండి. పేరు ఉతికితే పోతుంది, అదీగాక ఒక తరగతిలో ముగ్గురు సాయిలు ఉంటారు. అడ్మిషన్ నంబరో రోల్ నంబరో తెలియగానే, రంగుదారంతో కాలరు లోపల, నడుము పట్టీ లోపల రెండు కుట్లతో వేయండి. మార్కింగ్ పెన్ను అయితే మూడు ఉతుకులకు వెలిసిపోతుంది. కంచం, గ్లాసు అడుగున కూడా మేకుతో ఆ అంకె గీయండి.

బట్టలన్నీ కొత్తవే ఇవ్వకండి. ఇంట్లో తొడుక్కున్న పాత చొక్కా ఒకటి, వాడు కప్పుకునే పాత దుప్పటి ఒకటి పెట్టండి. దుప్పటికి ఇంటి వాసన ఉంటుంది. మొదటి పది రాత్రులు అది చేసే పని ఏ ఫోను కాలూ చేయలేదు. పిల్లవాడికి ఈ మాట చెప్పకండి, సిగ్గుపడతాడు.

డబ్బు: జేబులో యాభై రూపాయలకు మించి వద్దు. మిగతాది వార్డెన్ దగ్గరో హౌస్ మాస్టారి దగ్గరో లెక్క రాయించి పెట్టండి. ఖరీదైన వాచీ, స్మార్ట్ ఫోను వద్దే వద్దు. పోయినప్పుడు వస్తువొక్కటే పోదు. గదిలో నలభై మంది మీద అనుమానం మొదలవుతుంది.

వదిలే రోజు

పొద్దున్నే చేరుకోండి. మంచం ఎంచుకునే వీలుంటే కిటికీ పక్కన కాదు, గోడ పక్కన చూడండి, వానజల్లు అక్కడికి రాదు. పక్క మంచం పిల్లవాడి అమ్మానాన్నలతో మాట్లాడి ఫోను నంబరు రాసుకోండి. ఏదైనా జరిగితే మీకంటే ముందు వాళ్లకు తెలిసే అవకాశం ఉంది. మీవల్ల వాళ్లకూ అలాగే.

తర్వాత వెళ్లిపోండి. సాయంత్రం దాకా ఉండి, మెస్సులో వాడు తింటుంటే కిటికీలోంచి చూసి, రోల్‌కాల్‌లో చెయ్యెత్తుతాడో లేదో చూసి వెళ్దామని నేను ఉన్నాను. అది నా తప్పు. మధ్యాహ్నం రెండు గంటలకు వదిలి వెళ్లినవాళ్ల పిల్లలు నాలుగున్నరకల్లా బంతి వెనుక పరిగెడుతున్నారు. మావాడు గేటు వైపే చూస్తూ వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పెట్టె కూడా నేనే మోశాను, మెట్లెక్కి మంచం కింద దాకా.

మొదటి నలభై రోజులు

రోజంతా పిల్లవాడికి ఏడవడానికి తీరిక ఉండదు. అయిదు గంటలకు విజిల్, మైదానం, స్నానం, చదువు, టిఫిను, ప్రేయర్, తరగతులు, అన్నం, మళ్లీ చదువు, ఆట, స్నానం, రాత్రి చదువు, రోల్‌కాల్. ఊపిరి సలపకుండా రోజును కట్టడం వెనుక క్రమశిక్షణ సగం కారణమైతే, బెంగకు చోటు లేకుండా చేయడం మిగతా సగం. బెంగ దూరే సందులు మూడే: లైట్లు తీశాక అరగంట, ఆదివారం మధ్యాహ్నం, జ్వరం వచ్చిన రోజు. మీ ఫోను ఆ సందుల్లో పడకుండా చూసుకోండి. ఆదివారం ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య మాట్లాడండి, ఆ తర్వాత వాడికి బట్టలుతికే పని, కోడికూర భోజనం ఉంటాయి. రాత్రి పూట ఫోను చేసే అమ్మలు ఒక పదినిమిషాల తమ ఊరట కోసం పిల్లవాడి నిద్ర పాడుచేస్తారు.

ఫోనులో "బాగున్నావా?" అని అడిగితే ఏడుపే జవాబు. "ఈ వారం గది ఊడ్చే వంతు ఎవరిది? కుళాయి దగ్గర ఎన్నోవాడివి? ఆటలో ఏ పక్షం?" ఇలా అడగండి. జవాబులు పెరిగేకొద్దీ వాడు కుదురుకుంటున్నట్టు. మూడో వారంలో "అన్న" అనే మాట వినిపిస్తుంది. "మా హౌస్‌లో ఒక అన్న నాకు షూ లేసు కట్టడం నేర్పాడు." ఆ అన్న ఎవరో కనుక్కోండి. ఈసారి వెళ్లినప్పుడు అతనికీ ఒక పలకరింపు ఉండాలి.

"నన్ను తీసుకుపోండి" అని కచ్చితంగా అంటాడు, ఒక్కసారైనా. అప్పుడు "సరే" అనకండి, "కుదరదు" అని కూడా అనకండి. "దసరా సెలవుల దాకా చూద్దాం, అప్పుడు ఇద్దరం మాట్లాడుకుందాం" అనండి. విజయనగరం వాళ్లయితే పైడితల్లి సిరిమాను పండుగ పేరు చెప్పండి. దసరా తర్వాతి మంగళవారం నాటికి ఇంట్లో ఉండవచ్చేమో అన్న ఆశ నెలలు నడిపిస్తుంది. సెలవుల తేదీలు మాత్రం బడిలో కనుక్కుని చెప్పండి. ఆశ పెట్టి తప్పితే రెండోసారి మీ మాటకు విలువ ఉండదు.

వీలైతే ఉత్తరం రాయండి. నిజంగానే, కాగితం మీద. ఫోను అయిపోగానే అయిపోతుంది. ఉత్తరం పెట్టెలో అడుగున ఉంటుంది.

బెంగ కానివి

పై మాటలన్నీ బెంగ గురించి. బెంగకూ భయానికీ తేడా తెలుసుకోవాలి. బెంగ ఉన్నవాడు ఇంటి గురించి మాట్లాడతాడు. భయం ఉన్నవాడు బడి గురించి మాట్లాడడు. ఒక మనిషి పేరు రాగానే మాట మారుస్తాడు, రాత్రి పక్క తడుపుతాడు, ఒంటి మీద దెబ్బకు పొంతనలేని కథ చెబుతాడు. పెద్ద తరగతివాళ్ల పనులు చేసిపెట్టడం, నీళ్లు మోయడం లాంటివి చాలా హాస్టళ్లలో "మామూలే" అంటారు. నేనూ మోశాను. మామూలు కాదు. మొదటి నెల నుంచే చెప్పి పంపండి: నీ బకెట్టు నువ్వు మోయి, ఇష్టమైతే స్నేహితుడిది మోయి, భయపడి మాత్రం ఎవరిదీ మోయకు. ఒంటి మీద ఎక్కడ ఎవరు చెయ్యి వేయకూడదో కూడా నోరు విప్పి, పేర్లు పెట్టి చెప్పండి. తండ్రే చెప్పాలి, మగపిల్లలకు ఇలాంటివి జరగవనే మాట పచ్చి అబద్ధం. అలాంటి నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం మగపిల్లలకు కూడా వర్తిస్తుంది. 1098 అనే అంకె నోటికి రావాలి, అది పిల్లల సహాయ కేంద్రం ఫోను నంబరు.

ఇలాంటిది తెలిసినప్పుడు రాజీ పడకండి. ప్రిన్సిపాలుకు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి.

చూడ్డానికి వెళ్లే ఆదివారం

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు స్టీలు డబ్బా నిండా అరిసెలు తెచ్చింది. నెలకు సరిపడా అని లెక్క. ఆమె బస్సెక్కే లోపు ఖాళీ అయిపోయాయి. ఏడుపొచ్చింది. మరుసటి నెల పక్క మంచం వాళ్ల అమ్మ పలాస నుంచి జీడిపప్పు పాకం తెస్తే, అది ఖాళీ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు లెక్క అర్థమైంది. ఏడాది గడిచేసరికి ఒక్కో ఇంటి వంట మా అందరి నోళ్లకూ తెలుసు: సాలూరు వాళ్ల సున్నుండలు, టెక్కలి వాళ్ల జంతికలు.

కాబట్టి తెచ్చేది గది మొత్తానికి తెండి. తక్కువ రకాలు, ఎక్కువ ముక్కలు. చెడిపోయే కూరలు వద్దు. పప్పుల పొడి, ఆవకాయ చిన్న సీసా బతుకుతాయి. ఎవరూ చూడ్డానికి రాని పిల్లవాడు ప్రతి గదిలోనూ ఒకడుంటాడు. కొండ ఊరి నుంచి వచ్చినవాడో, తల్లిదండ్రులు చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వలస వెళ్లినవాడో. మీవాణ్ని కూర్చోబెట్టి తినిపించేటప్పుడు అతన్ని కూడా పిలవండి. జాలిగా కాదు, "రా బాబూ, వీడు ఒక్కడూ తినలేడు" అని.

ఒళ్లు, వాన, గాలి

గజ్జి గురించి సిగ్గు వదిలేయండి. దగ్గర దగ్గరగా పడుకునే చోట అది వచ్చి తీరుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము దగ్గర దురద, రాత్రిపూట ఎక్కువ అయితే అదే. డాక్టరు రాసే పెర్మెత్రిన్ పూతమందు మెడ నుంచి కాలివేళ్ల దాకా రాత్రి రాసి పొద్దున్న కడుక్కోవాలి, సాధారణంగా వారానికి మళ్లీ ఒకసారి. బట్టలు, దుప్పటి వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ముఖ్యమైన సంగతి, మీవాడికి ఒక్కడికే రాస్తే లాభం లేదు. గదిలో అందరికీ ఒకే రాత్రి రాయించమని వార్డెన్‌ను అడగండి. అలర్జీలు, వాడే మందులు ఉంటే చేర్చిన రోజే రాసి ఇవ్వండి. ఇంట్లోంచి మాత్రల పొట్లాలు రహస్యంగా పెట్టి పంపకండి.

అక్టోబర్ నెల మన తీరానికి తుపానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. అలాంటి రోజుల్లో కరెంటు, ఫోను రెండూ పోతాయి. చెట్లు పడిన రోడ్డు మీద బండేసుకుని బయలుదేరకండి. పక్కా భవనంలో ఉన్న పిల్లవాడు దారిలో ఉన్న మీకంటే క్షేమం. వానలు మొదలయ్యేలోపే బడికి దగ్గర ఊళ్లో ఉన్న చుట్టమో స్నేహితుడో ఒకరి పేరు, నంబరు బడికి ఇచ్చి ఉంచండి. ఇంకొకటి పెద్దవాళ్లు మరిచిపోతారు: వాడు క్షేమమో కాదో అని మీరు గింజుకుంటున్నట్టే, తీరం వెంట ఉద్దానంలో ఇల్లూ కొబ్బరితోటా ఉన్న పిల్లవాడు హాస్టల్‌లో ఇంటి గురించి గింజుకుంటాడు. వాడికి టీవీ లేదు, ఫోను లేదు. సిగ్నల్ రాగానే మొదటి కబురు బడికి వెళ్లాలి: ఇల్లు ఉంది, అందరం ఉన్నాం.

మొదటి సెలవులు

ఇంటికొచ్చినవాడు వేరేవాడు. అయిదింటికి లేచి కూర్చుంటాడు, ఏం చేయాలో తోచదు. పావుగంటలో అన్నం తినేసి కంచం తీసుకుని పంపు దగ్గరికి వెళ్తాడు. అమ్మ లాక్కోబోతుంది. లాక్కోనివ్వకండి. ఇంటి మాటల్లో కొత్త పదాలు, కొత్త తిట్లు కూడా దొర్లుతాయి. తిట్లకు ఒకసారి కళ్లెర్రచేస్తే చాలు. అక్కను, చెల్లిని బకెట్టు దగ్గర తోసేస్తే మాత్రం గట్టిగా చెప్పండి. మగపిల్లలే ఉన్నచోట నుంచి వచ్చినప్పుడు ఇల్లు ఆడవాళ్లది కూడా అని గుర్తుచేయవలసి వస్తుంది.

మార్కుల గురించి రెండో రోజు దాకా ఎత్తకండి. చుట్టాలు వచ్చి "ఏదీ, ఇంగ్లిష్‌లో మాట్లాడు" అంటే మీరే అడ్డుపడండి. అరసవల్లి వెళ్లినా, మేనమామ ఊరికి వెళ్లినా, రెండు రోజులు మాత్రం ఏ పనీ పెట్టకుండా వదిలేయండి, నిద్రపోతాడు.

తిరిగి వెళ్లే ముందు రోజు పెట్టె వాడి చేతే సర్దించండి. మీరు మంచం మీద కూర్చుని చూడండి. అరిగిన సబ్బు తీసి కొత్తది, గోళ్లు తీసుకునేది, నల్లదారం, చిన్నదైపోయిన చొక్కా స్థానంలో ఇంకోటి. బొత్తాం ఊడిన చొక్కా కనిపిస్తే సూది అందించండి, మీరు కుట్టకండి.

మర్నాడు బడి గేటు దగ్గర ఆటో దిగినప్పుడు అలవాటుగా మీ చెయ్యి పెట్టె పిడి మీదికి వెళ్తుంది. వాడు అప్పటికే అవతలి పిడి పట్టుకుని ఉంటాడు. లోపలి నుంచి ఎవడో పరిగెత్తుకొచ్చి మీ చేతి కింద నుంచి ఇవతలి పిడి అందుకుంటాడు. వదిలేయండి.